గంట కొట్టేదాకా

అల్వీనా బ్రెకె చదువుకోవడానికి నోర్డాల్ వచ్చేనాటికి ఆ ఊళ్ళో యూనివర్సిటీ అన్న మాట ఎవరి నోటా లేదు. ఊరి చివర ఒక ఎర్ర ఇటుకల భవనం, దానికి మూడు వైపులా మొక్కజొన్న చేలు, నాలుగో వైపు ఏరు. పల్లె బళ్ళకి టీచర్లని తయారుచేసే రెండేళ్ళ చదువు అక్కడ చెప్పేవాళ్ళు. నార్మల్ స్కూల్ అని దాని పేరు. గుమ్మం మీద రాతిలో ఆ పేరే చెక్కారు. తరవాత పేరు ఎన్నిసార్లు మారినా ఆ రాయి జోలికి ఎవరూ పోలేదు. పీకితే గోడంతా దిగుతుందని మేస్త్రీలు బెదరగొట్టారు.

అల్వీనా తండ్రి నార్వే నుంచి వచ్చిన పాడి రైతు. ఆవులతో మాట్లాడినంతగా ఇంట్లోవాళ్ళతో మాట్లాడేవాడు కాదు. విస్కాన్సిన్‌లో మా వైపు మనుషులంతా ఆ బాపతే. వంట అద్భుతంగా ఉంటే "ఫరవాలేదు" అంటారు. నోట్లో పెట్టుకోలేకుండా ఉంటే, వండినావిడ చిన్నబుచ్చుకుంటుందని రెండోసారి వడ్డించుకుంటారు. ఇలాంటి చోట పుట్టిన పిల్ల టీచరు ఎలా అవుతుందని ఆమె మేనత్తకి అనుమానం. తల్లికి మాత్రం, పిల్ల పాలు పితకడం తప్ప ఇంకేం చేసినా సంతోషమే.

ఆ భవనం పక్కన, తూర్పు వైపున, విడిగా ఒక చిన్న బడి ఉండేది. పిల్లలు నిజం పిల్లలే, పుస్తకాలు నిజం పుస్తకాలే. పాఠం చెప్పేది మాత్రం ట్రైనింగులో ఉన్న అమ్మాయిలు. అసలు టీచరు గది వెనక కుర్చీలో కూర్చుని చూస్తుంది. ఊళ్ళో దాన్ని ప్రాక్టీసు బడి అనేవాళ్ళు. అక్కడ చేర్పించడానికి తల్లిదండ్రులు పోటీపడేవాళ్ళు కానీ, ఆ పిల్లలు మాత్రం ఒట్టి గడుగ్గాయిలు. రెండు నెలలకొక కొత్త టీచరు వచ్చి వణుకుతూ నిలబడుతుంటే వాళ్ళకి ట్రైనింగు మర్మాలన్నీ కంఠతా వచ్చేశాయి. "టీచర్, మీరు నిన్నటి పాఠం మీద ప్రశ్నలు అడగకుండానే కొత్త పాఠంలోకి వెళ్ళిపోయారు" అని నాలుగో తరగతి పిల్లకాయ చెయ్యెత్తి చెప్పేవాడు. కొత్త టీచరు ఎన్నోనాడు ఏడుస్తుందో అని పందేలు కూడా నడిచేవి.

అల్వీనా మొదటి రోజే ఏడ్చింది. గుణకారం చెబుతూ మధ్యలో లెక్క తప్పింది. పిల్లలు నవ్వారు. సాయం చేస్తుందేమోనని ఆమె వెనక్కి చూస్తే, మిస్ ప్రౌట్ కిటికీలోంచి ఏటి వైపు చూస్తోంది. మిస్ ప్రౌట్ అంటే ప్రాక్టీసు బడికి పెద్ద. ఎముకల మనిషి, ఎప్పుడూ నల్ల గౌను. గంట కొట్టేదాకా ఆవిడ తల తిప్పలేదు. పిల్లలు బయటికి పరిగెత్తాక అప్పుడు అడిగింది.

"నీకేమనిపించింది?"

"చచ్చిపోవాలనిపించిందండీ."

"అది పాఠం గురించి కాదు. పాఠం గురించి చెప్పు."

అల్వీనా ముక్కు తుడుచుకుని చెప్పింది. మిస్ ప్రౌట్ ఒక మంచి చెప్పింది, ఒక చెడు చెప్పింది. మూడోది ఎప్పుడూ చెప్పదు. వెళ్ళబోతుంటే అల్వీనాకి ఉక్రోషం ఆగలేదు. "నేను మునిగిపోతుంటే ఒక్క మాట అందివ్వచ్చు కదండీ" అంది.

"ఇస్తాను. ఇచ్చాక ఆ పిల్లలు ఇంక నీ మొహం చూడరు. నావైపే చూస్తారు. సుద్దముక్క నీ చేతిలో ఉన్నంతసేపూ గది నీది. గంట కొట్టాకే నాది."

అల్వీనాకి ఆ మాట ఎంతగా పట్టేసిందంటే, తరవాత తనే ఆ వెనక కుర్చీలోకి వచ్చినప్పుడు దాన్ని నియమంగా కాదు, నిష్ఠగా పాటించింది. నాలుగో తరగతి ఆమెది. ఏడాదికి ఎందరో అమ్మాయిలు, రెండో ప్రపంచ యుద్ధం తరవాత అబ్బాయిలు కూడా ఆమె ముందు పాఠం చెప్పారు. ఒకమ్మాయి రాష్ట్ర రాజధాని పేరు తప్పు చెప్పింది. ఒకబ్బాయి ఎక్కం తప్పు చెప్పాడు. ఎవరెంత తప్పినా ఆమె నోరు మెదపలేదు. కిటికీలోంచి చూసేది. ఆ చూపుకి అర్థం ఏమిటో అందరికీ తెలుసు. నేను రాను, నువ్వే బయటపడు అని. ఊళ్ళో కొందరు అది గర్వం అనేవాళ్ళు. నిజం చెప్పాలంటే, తోటి మనిషి తడబడుతుంటే చూస్తూ కూర్చోవడానికి ఎంత ఓపిక కావాలో అలా అనేవాళ్ళకి తెలియదు. ఒడిలో పెట్టుకున్న ఆమె చేతులు గంట కొట్టేసరికి ఎర్రగా కందిపోయి ఉండేవి.

రెండో తరగతి టీచరు హేజల్ కిన్సెల్లా. మిల్వాకీ నుంచి వచ్చిన ఐరిష్ మనిషి, నోరు ఊరుకోదు. మా లూథరన్ల మధ్య ఆవిడ ఒక్కతే కేథలిక్కు, పైగా గట్టిగా నవ్వుతుంది. ఆవిడకీ పెళ్ళి కాలేదు, అల్వీనాకీ కాలేదు. కాలేజీ వీధిలో ఒక తెల్లరంగు ఇల్లు అద్దెకి తీసుకుని కలిసి ఉండేవాళ్ళు. హేజల్ మాట్లాడేది, అల్వీనా వినేది. "గోడకి చెప్పుకుంటే కనీసం గోడ పగులుతుందే, నువ్వు పగలవు కూడా" అనేది హేజల్. అయినా సాయంత్రం కాఫీ దగ్గర కూర్చుంటే ఇద్దరికీ పొద్దు తెలిసేది కాదు.

ఇక కాలేజీ సంగతి. రెండేళ్ళ చదువు నాలుగేళ్ళయింది. నార్మల్ స్కూల్ పోయి రాష్ట్ర టీచర్ల కాలేజీ అయింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళకి సర్కారు ఫీజు కట్టి చదివిస్తానంది. వాళ్ళు పెళ్ళాం బిడ్డలతో సహా దిగారు. ప్రాక్టీసు బడి ఆటస్థలం పక్కనే రేకుల షెడ్లు వేసి కాపురాలు పెట్టించారు. కిటికీలోంచి చూస్తే ఇదివరకు ఏరు కనిపించేది, ఇప్పుడు ఆరేసిన పొత్తిగుడ్డలు కనిపిస్తున్నాయని అల్వీనా నవ్వుకునేది.

ఆ షెడ్లలోంచి వచ్చినవాడే మెర్ల్ టోస్ట్రుడ్. పొలంలో పెరిగిన పొడుగాటి మనిషి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఒకరోజు నదుల పాఠం చెబుతూ, నదులన్నీ ఉత్తరం నుంచి దక్షిణానికి పారతాయి, పటంలో పైనుంచి కిందకి అని తేల్చేశాడు. చెప్పి, బోర్డు మీద గీసిన గీతని అరచేత్తో తుడిచేశాడు.

ఒక పిల్ల లేచింది. "మా తాతగారింటి దగ్గర ఫాక్స్ నది ఉత్తరానికే పారుతుందండీ."

"అదేమో... అది..." మెర్ల్ నీళ్ళు నమిలాడు.

"మరి మా తాతగారు అబద్ధం చెప్పారా అండీ?"

గదంతా గొల్లుమంది. మెర్ల్ వెనక్కి చూశాడు. అల్వీనా పొత్తిగుడ్డల వైపు చూస్తోంది. అతని చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు అలాగే నిలబడి, ఏమనుకున్నాడో, గది మూల ఉన్న ఇసుక బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఇసుకని ఒక వైపు మిట్టగా పోగేసి, పిల్లలందరినీ చుట్టూ నిలబెట్టి, మిట్ట మీద చెంబుడు నీళ్ళు కుమ్మరించాడు. "ఏ వైపు పారింది? ఎందుకు అటే పారింది? ఇప్పుడు మిట్టని ఇటు మారుద్దాం" అన్నాడు. నేలంతా బురద. పిల్లలు మోచేతుల దాకా ఇసుకలో మునిగారు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

తరవాత అల్వీనా అడిగింది. "నీకేమనిపించింది?"

"మొదట పారిపోవాలనిపించిందండీ. తరవాత బాగానే ఉంది."

"మంచి ఏమిటంటే, నీళ్ళు పోశావు. చెడు ఏమిటంటే, బోర్డు అరచేత్తో తుడిచావు. డస్టరు ఎందుకుంది? అదీగాక, తుడిచేముందు పిల్లలు రాసుకున్నారో లేదో చూసుకోవాలి."

నదుల తప్పు ఊసే ఎత్తలేదు. మెర్ల్ ఆ సంగతి జన్మలో మరిచిపోలేదు. రాష్ట్ర రాజధాని మాడిసన్ వెళ్ళి డాక్టరేటు తెచ్చుకున్నాక, డీనుగా తిరిగొచ్చాక, చివరికి ప్రెసిడెంటు కుర్చీలో కూర్చున్నాక కూడా, ఏ విందులో మాట్లాడమన్నా ఆ కథే చెప్పేవాడు. "మిస్ బ్రెకె వెనక నిశ్శబ్దంగా కూర్చున్నారంటే నేను దారిలోనే ఉన్నానని నాకు ధైర్యం" అని ముగించేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ కథలో ఆమె మౌనానికి అర్థం కొంచెం కొంచెంగా జరిగిపోతోందని ఎవరికీ తట్టలేదు, ఆమెకి కూడా.

ఈలోపు కాలేజీ పేరులోంచి టీచర్లన్న మాట ఊడిపోయింది. ఒట్టి రాష్ట్ర కాలేజీ అయింది. మొక్కజొన్న చేలల్లో హాస్టళ్ళు లేచాయి. వ్యాపార శాస్త్రమట, మనస్తత్వ శాస్త్రమట, ఏవేవో డిపార్టుమెంట్లు. పొగాకు పైపులు నోట్లో పెట్టుకున్న కుర్ర పీహెచ్‌డీ డాక్టర్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ప్రాక్టీసు బడి టీచర్లని చూసి మర్యాదగా తలూపి, పక్కనుంచి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ తరవాత కొన్నేళ్ళకి యూనివర్సిటీ అయింది. రోడ్డు మీద కొత్త బోర్డు నిలబెడుతుంటే హేజల్ అక్కడే నిలబడి చూసింది.

"చూశావుటే, మన మాట తీసేశారు. ఇక మనల్ని తీసేయడమే తరువాయి."

"నీకన్నీ అపశకునాలే" అంది అల్వీనా.

కానీ హేజల్ నోటికి బలం ఉంది. మెర్ల్ ప్రెసిడెంటయిన రెండో ఏడు శీతాకాలంలో కబురు తెలిసింది. ప్రాక్టీసు బడి మూసేస్తారట. దాన్ని పడగొట్టి సైన్సు భవనం కడతారట. ట్రైనింగు పిల్లల్ని ఊళ్ళో ఉన్న మామూలు బళ్ళకి పంపుతారట. అధ్యాపకుల సభలో తీర్మానం పెడతారు. సభ నియమాల ప్రకారం ఒక్కరు లేచి అభ్యంతరం చెప్పినా చాలు, వ్యవహారం కమిటీకి పోతుంది. కమిటీలో పడినదేదైనా ఏడాది తిరక్కుండా బయటికి రాదని అందరికీ తెలుసు. ఏడాదిలో తల్లిదండ్రులు కదులుతారు, పాత విద్యార్థులు కదులుతారు, ఏదో దారి దొరుకుతుంది.

ప్రాక్టీసు బడి టీచర్లంతా తెల్ల ఇంట్లో వంటగదిలో కూడారు. హేజల్ అట్లకాడ పట్టుకునే మాట్లాడింది.

"నేను లేస్తాను. ఆ పైపుల వాళ్ళకి నాలుగు చీవాట్లు పెడితే గానీ నా కడుపు చల్లబడదు."

"నువ్వు లేస్తే పోట్లాట అవుతుంది" అంది అల్వీనా. "మెర్ల్ మొండికేస్తాడు. నేను చెబుతాను."

అందరూ ఆమె వైపు చూశారు. అల్వీనా సభలో నోరు తెరవడం ఎవరూ ఎరగరు.

"నువ్వా? నిజంగా?" అంది హేజల్.

"నేనే. నా మాట వింటాడు. నువ్వు మాత్రం నోరు కుట్టుకుని కూర్చుంటానని మాటియ్యి."

"ఇస్తున్నానే తల్లీ. నా జన్మలో ఇంత కష్టమైన మాట ఇవ్వలేదు."

సభ పాత భవనంలో పెద్ద తరగతి గదిలో. అల్వీనా చెప్పాల్సింది మనసులో కూర్చుకునే వచ్చింది. ముందు వరసలో కూర్చుందామనుకుంది, కానీ అక్కడ కుర్ర డాక్టర్లు నిండిపోయారు. హేజల్‌కి మధ్యలో చోటు దొరికింది. అల్వీనాకి మిగిలింది వెనక గోడ దగ్గర, కిటికీ పక్క కుర్చీ. ఆ కుర్చీ అలా దక్కకుండా ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేదేమో.

మెర్ల్ కాగితాలు చదువుతాడని అందరూ అనుకున్నారు. అతను చదవలేదు. ఎంతైనా టీచరు కదా, సుద్దముక్క తీసుకున్నాడు. బోర్డు మీద ఏరు గీశాడు, పాత భవనం గీశాడు, హాస్టళ్ళు గీశాడు, చిన్న చతురస్రంగా ప్రాక్టీసు బడి గీశాడు. యూనివర్సిటీ ఎటు పెరగాలో, ఎందుకు పెరగాలో వివరించాడు. చక్కగా చెప్పాడు. అల్వీనా చేతులు అలవాటుగా ఒడిలోకి వెళ్ళిపోయాయి.

"మనం ఒక గదిలో నలుగురు పిల్లల్ని పెట్టుకుని ట్రైనింగు ఇచ్చే రోజులు పోయాయి. పిల్లలు ఎక్కడైనా పిల్లలే. ఊళ్ళో ఏ బడిలోనైనా దొరుకుతారు" అన్నాడు మెర్ల్. అని, ఆ చతురస్రాన్ని అరచేత్తో తుడిచేసి, ఆ చోట పెద్ద దీర్ఘచతురస్రం గీశాడు.

అప్పుడు ఆగాడు. చేతికంటిన సుద్దని చూసుకున్నాడు. తలెత్తి, గదంతా దాటి, వెనక కుర్చీ వైపు చూశాడు.

అయ్యో, తప్పు తెలిసిపోయింది అతనికి అనుకుంది అల్వీనా. ఇప్పుడే తట్టింది, ఇదిగో, ఇప్పుడే ఇసుక బల్ల దగ్గరికి వెళతాడు అనుకుంది. నదుల పాఠం రోజున కూడా సరిగ్గా ఇలాగే నిలబడ్డాడు, ఇంతసేపే నిలబడ్డాడు. ఈ క్షణాన తను మాట్లాడితే ఇంతమందిలో అతను ఇంక లేవలేడు. ఆమె నెమ్మదిగా తల తిప్పి కిటికీలోంచి బయటికి చూసింది.

"ఎవరికైనా అభ్యంతరమా?" అన్నాడు మెర్ల్.

హేజల్ కుర్చీలో సగం లేచి వెనక్కి తిరిగింది. అల్వీనా వేలెత్తింది. ఆగు అని. ఒక్క నిమిషం ఆగు, తనే సర్దుకుంటాడు అని. హేజల్ ఆమెకేదో ఆలోచన ఉందనుకుని కూర్చుంది.

"సరే, అయితే ఆమోదించినట్టే" అన్నాడు మెర్ల్. పైన గోపురంలో గంట కొట్టింది.

గంట కొట్టగానే అల్వీనా లేచింది. కుర్చీలు జరుపుకుంటూ పోతున్న జనానికి ఎదురు నడిచి బోర్డు దగ్గరికి వెళ్ళింది. మెర్ల్ ఆమెని చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"నీకేమనిపించింది?" అంది ఆమె.

"బాగానే జరిగిందనిపించిందండీ. భయపడ్డాను, మీరేమంటారోనని. కానీ మీరు కిటికీలోంచి చూస్తుంటే హమ్మయ్య అనుకున్నాను."

అల్వీనా బోర్డు మీది పెద్ద దీర్ఘచతురస్రం వైపు చూసింది. "మంచి ఏమిటంటే, ఎక్కడా గొంతు పెంచలేదు. చెడు ఏమిటంటే, అరచేత్తో తుడిచావు. దాంట్లో ఏముందో ఎవరైనా రాసుకున్నారో లేదో చూడకుండా తుడిచావు."

మెర్ల్‌కి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "మీరు వద్దంటున్నారా? మిస్ బ్రెకె, నేను ఆగాను కదండీ. మీకోసమే ఆగాను. ఒక్క మాట అని ఉంటే అక్కడే ఆపేసేవాణ్ణి."

"పాఠం మధ్యలో ఎలా మాట్లాడతాను?"

"అది పాఠం కాదండీ, సభ!"

"సుద్దముక్క నీ చేతిలోనే ఉంది కదా, మెర్ల్."

అతను తలుపు వైపు చూశాడు. కుర్ర డాక్టర్లు ఇంకా గుమ్మంలోనే పైపులు ముట్టించుకుంటున్నారు. "వెనక్కి పిలుస్తాను. ఇప్పుడే. తప్పు చెప్పానని చెబుతాను."

ఆ మాట కోసమే కదా ఆమె వచ్చింది. సరే అంటే చాలు. కానీ ఆ గుమ్మంలో వాళ్ళు మెర్ల్‌ని టీచర్ల కాలేజీ సరుకని వెనక వెక్కిరిస్తున్నారని ఊరందరికీ తెలుసు. ప్రాక్టీసు బడి ముసలామె ఒక్క మాటతో ప్రెసిడెంటుని తిప్పేసిందని రేపు పొద్దున అంటారు.

"వద్దు" అంది. "ఇంక వాళ్ళు నీ మొహం చూడరు. నావైపు చూస్తారు."

ఇంటికి వచ్చి ఉన్నదున్నట్టు హేజల్‌కి చెప్పింది. దాచుంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకుంది.

"వెనక్కి తీసుకుంటానంటే వద్దన్నావా?" హేజల్ గొంతు వీధిలోకి వినిపించింది. "నన్ను వేలెత్తి కూర్చోబెట్టావు! నువ్వు మాట్లాడతావని కదే నేను నోరు కుట్టుకున్నాను! వాడు నీ శిష్యుడు కావచ్చు, నేనెవర్ని? ఆ పిల్లలెవరు?"

"తనే దిద్దుకుంటాడనుకున్నాను, హేజల్."

"నీ నిష్ఠ మండ! అందరూ ట్రైనింగులోనే ఉంటారా జీవితమంతా?"

అల్వీనా ఏడ్చింది. హేజల్ కూడా ఏడ్చింది, కానీ వేరే గదిలో. ఆ వేసవిలో బడి మూశారు. హేజల్ మిల్వాకీలో తన చిన్నప్పటి చర్చి బళ్ళో చేరింది. వెళ్ళేటప్పుడు అట్లకాడ వదిలేసి వెళ్ళింది. క్రిస్మస్‌కి కార్డు పంపేది. అందులో తన పేరు తప్ప ఇంకో మాట ఉండేది కాదు, అంత మాటకారి.

అల్వీనాకి కొత్త పని ఇచ్చారు. ఊళ్ళో బళ్ళకి తిరిగి, ట్రైనింగు పిల్లలు పాఠం చెబుతుంటే చూడాలి. మెర్ల్ ఆమె కోసమే ఆ ఉద్యోగం పుట్టించాడని అందరికీ తెలుసు. ఆమె వద్దనలేదు. ఎవరి గదిలోనో, ఎవరి కుర్చీలోనో వెనక కూర్చునేది. ఆ బళ్ళలో చదివే పిల్లలకి ట్రైనింగు మర్మాలు తెలియవు. ఏం చెప్పినా నమ్మేసి రాసుకునేవాళ్ళు.

ఒక రోజు డయాన్ స్లెట్టెన్ అనే అమ్మాయి భిన్నాలు చెబుతోంది. మంచి పిల్ల, బెదురు ఎక్కువ. బోర్డు మీద నాలుగో వంతు, ఎనిమిదో వంతు రాసి, నాలుగు కంటే ఎనిమిది పెద్దది కాబట్టి ఎనిమిదో వంతే పెద్దది అంది. పిల్లలంతా తలలు వంచి రాసుకున్నారు. ప్రాక్టీసు బడిలో అయితే ఈపాటికి పది చేతులు లేచేవి. ఇక్కడ ఒక్కటీ లేవలేదు. డయాన్‌కే ఎక్కడో తేడా కొట్టినట్టుంది. బోర్డు వైపు చూసింది, వెనక్కి చూసింది.

అల్వీనా కిటికీ వైపు తిరగబోయింది. తిరగలేకపోయింది.

"నాలుగో వంతే పెద్దది, డయాన్" అంది.

పెద్దగా ఏమీ అనలేదు. అయినా కుర్చీలన్నీ కిర్రుమన్నాయి. పిల్లలందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగి ఆమెని చూశారు. ఇన్నేళ్ళలో ఇంకొకరి చేతిలో సుద్దముక్క ఉండగా పిల్లలు ఆమె మొహం చూడడం అదే మొదలు. "ఎందుకండీ?" అన్నాడొక పిల్లవాడు, ఆమెనే. ఆమె చెప్పింది. రొట్టెతో పోల్చి చెప్పింది, ఎంతమంది పంచుకుంటే ముక్క అంత చిన్నదవుతుందని. వాళ్ళకి అర్థమైంది. ఇంకొకడు అడిగాడు, ఇంకొకతి అడిగింది, అన్నీ ఆమెనే. డయాన్ బోర్డు పక్కన నిలబడి సుద్దముక్కని రెండుగా విరిచి, మళ్ళీ రెండుగా విరిచింది.

గంట కొట్టింది. పిల్లలు పోయారు.

"నీకేమనిపించింది?" అంది అల్వీనా.

"మీరే చెప్పేశారు కదండీ" అంది డయాన్ పుస్తకాలు సర్దుకుంటూ. "ఇంక నాకేమనిపిస్తే ఏముంది?"

మర్నాడు అల్వీనా ప్రెసిడెంటు గదికి వెళ్ళింది. మెర్ల్ లేచి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. ఇక మానేస్తానంది.

"ఏమైందండీ? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"నేనే అన్నాను. నిన్న పాఠం మధ్యలో మాట్లాడాను."

మెర్ల్ నవ్వబోయి ఆగాడు. "దానికే మానేస్తారా? పోనీ, ఏమైంది? మాట్లాడితే ఎలా ఉంది?"

"ఆ అమ్మాయి పాఠం పాడైపోయింది. మిస్ ప్రౌట్ చెప్పినట్టే అయింది, అణువంత కూడా తప్పలేదు." అల్వీనా కోటు గుండీలు పెట్టుకుంది. "కానీ చాలా బాగుంది, మెర్ల్. అందరూ నావైపు తిరిగారు. నేను చెబితే విన్నారు. ఆ రోజు సభలో కూడా తిరిగి ఉండేవాళ్ళు కదూ?"

అతనేమైనా అంటాడేమోనని ఆమె నిలబడి చూసింది. మెర్ల్ తల తిప్పి కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడ సైన్సు భవనానికి కిటికీ అద్దాలు బిగిస్తున్నారు.